సిప్రియానో మంచం కింద మోటారు

సిప్రియానో చెడ్డవాడు కాదు. వేటనుంచి వచ్చిన రోజు గట్టు మీద ఏ ముసలమ్మ కనబడినా పిలిచి చేపలిచ్చేవాడు. కానీ ఎవరైనా తన పడవ దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడితే మాత్రం అతని కళ్లు చిన్నవయ్యేవి. "వాడేం చూస్తున్నాడు?" అని పక్కనున్నవాణ్ణి అడిగేవాడు. పక్కనున్నది చాలాసార్లు నేనే. నా పేరు తినో. అతని పినతల్లి కొడుకుని, అతని పడవ గొలొంద్రినా మీద మీసాలు రాకముందు నుంచీ పనిచేసినవాణ్ణి.

ఆ చూపు అతనికి ఊరికే రాలేదు. చిన్నప్పుడు వాళ్ల నాన్న పడవ లంగరు తాడు ఎవరో కోసేశారు. తెల్లారేసరికి పడవ రాళ్ల మీద ముక్కలై ఉంది. మా ఊరు సార్తెనేహా అంతా వచ్చి చూసింది. కొయ్య ముక్కలు ఏరుకుంటూ ఆయన కొడుకుతో, "కోసినవాడు ఇక్కడే నిలబడి ఉన్నాడ్రా, మనతో పాటు అయ్యో అంటున్నాడు" అన్నాడట. కోసింది ఎవరో చివరిదాకా తేలలేదు. ఆ రోజు అక్కడ నిలబడ్డ వాళ్లందరి మధ్యే సిప్రియానో పెరిగి పెద్దవాడయ్యాడు.

మా తెరచాప పడవలకి మోటార్లు రావడం మొదలయ్యాక అతను అందరికంటే ఆలస్యంగా కొన్నాడు. సరిహద్దు దాటి చెతుమాల్ పట్నం వెళ్లి, చిన్న మోటారు ఒకటి గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. గోనెసంచి ఎందుకన్నా అంటే, "దార్లో చూసేవాళ్లు ఎక్కువ" అన్నాడు.

దాన్ని పడవకి బిగించే పని బావమరిది బెనిగ్నోకి పడింది. సిప్రియానో పెళ్లాం నికనోరా తమ్ముడతను. చుక్కాని పట్టేదీ అతనే, ఊళ్లో చెక్కపని బాగా వచ్చినదీ అతనికే. నవ్వకుండా నవ్వించే రకం. పడవ వెనక సరిగ్గా మధ్యలో చుక్కాని ఉంటుంది కాబట్టి మోటారుని ఎడమ పక్కకి పెట్టాలి. పక్కకి పెడితే ఇంకో తంటా.

"గాలికి పడవ ఎడమకి ఒరిగితే దీని తల మునుగుతుంది బావా. కుడికి ఒరిగితే పంకా గాల్లో తిరుగుతుంది. అందుకని పైకీ కిందికీ జరిగే బల్ల చేస్తా. తెరచాప ఎత్తగానే మోటారు పైకి లాగేసుకోవాలి" అన్నాడు బెనిగ్నో.

సిప్రియానో ఆలోచన వేరే దారిలో ఉంది. "బోల్టుల మరలు లోపలికుంటాయా, బయటికా?"

"లోపలికే. ఏం?"

"బయటికుంటే విప్పుకుపోతారు."

"ఎవరు బావా, గూడబాతులా?"

మేమందరం నవ్వాం. సిప్రియానో నవ్వలేదు. బెనిగ్నో గట్టి సపోటా చేవతో బల్ల చేసి, బోల్టులు బిగించి, ఆ బల్ల మీద తను ఎక్కి ఎగిరి చూపించాడు. మర్నాడు సిప్రియానో ఒక గొలుసూ తాళం తెచ్చి మోటారుకి చుట్టాడు. తాళంచెవి మెళ్లో మేరీమాత బిళ్ల పక్కన చేరింది.

వేటలో ఉన్నన్నాళ్లూ మోటారు బల్ల మీదే ఉండేది. కిందికి దించి ఐసు పెట్టె దగ్గర పెట్టడానికి లేదు. మేం పట్టే లాబ్‌స్టర్లకి కాస్త పెట్రోలు వాసన తగిలిందా, కొనేవాడు ముక్కు మూసుకుని తిప్పి పంపేస్తాడు. ఒడ్డుకొస్తే మాత్రం సిప్రియానో దాన్ని భుజానికెత్తుకుని ఇంటికి మోసుకెళ్లేవాడు. మిగతావాళ్లు ఇంట్లో కొయ్యగుర్రం అనే నాలుగు కాళ్ల చెక్క చట్రం ఒకటి చేసుకుని మోటారుని నిలబెట్టి ఉంచుతారు. సిప్రియానోకి అది నచ్చలేదు. నిలబెడితే కిటికీలోంచి కనబడుతుంది. అందుకని మంచం కింద పడుకోబెట్టి, ముందు దుప్పటి వేలాడదీశాడు.

"నా మంచం కింద పెట్రోలు కంపేంటి? ఇంకెక్కడా చోటే లేదా?" అని నికనోరా అడిగిందట.

"నువ్వు దాన్ని ముట్టుకోకు. ఎవ్వర్నీ ముట్టుకోనివ్వకు" అన్నాడట. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.

మొదటి రెండు మూడు వేటలూ బాగానే సాగాయి. తర్వాత ఒకసారి బయల్దేరగానే మోటారు తెల్లటి పొగ కక్కింది. తాడు లాగీ లాగీ నా భుజం పడిపోయింది. ప్లగ్గు విప్పి చూస్తే నూనెలో ముంచి తీసినట్టుంది. తుడిచి పెట్టాక నడిచింది. ఆ వేటలో మళ్లీ ఏ గొడవా చెయ్యలేదు. ఇంటికొచ్చి, మళ్లీ బయల్దేరిన రోజు అదే పొగ. అదే వేటలో బల్ల బోల్టు ఒకటి చేతికే వదులుగా తగిలింది.

"మోటారు అదురుడికి వదులవుతుంది బావా. బిగించుకుంటూ ఉండాలి" అన్నాడు బెనిగ్నో.

సిప్రియానో ఆ బోల్టుని తడిమి తడిమి చూశాడు. తర్వాత నన్ను పడవ ముందు కొసకి తీసుకెళ్లి గొంతు తగ్గించాడు. "సముద్రంలో ఉన్నప్పుడు దీనికి ఏ రోగమూ లేదు. ఇంటికెళ్లొస్తేనే వస్తోంది. గమనించావా?"

గమనించాను. నిజమే.

"అంటే ఇంట్లోనే ఎవడో చెయ్యి పెడుతున్నాడు. మా ఇంట్లోకి అడక్కుండా వచ్చేదెవడు?"

జవాబు ఇద్దరికీ తెలుసు. బెనిగ్నో రోజూ అక్క చేతి కాఫీకి వెళ్తాడు. పైగా సొంత పడవ కట్టుకోవాలని అతనికి ఉన్నట్టు ఊరందరికీ తెలుసు. నేను ఏమీ అనలేదు. అనకపోయినా, ఆ రోజు నుంచి నేనూ బెనిగ్నో చేతులకేసి చూడటం మొదలుపెట్టాను. అతను పానా పట్టుకున్నా, నూనె డబ్బా జరిపినా నా కళ్లు అటే వెళ్లేవి. అనుమానం జలుబులా అంటుకుంది.

ఆ తర్వాత ఒడ్డుకొచ్చినప్పుడు సిప్రియానో మోటారు మూతకీ మంచం కోడుకీ మధ్య సన్నని వల దారం కట్టాడట. పొద్దున తెరచాప కుట్టడానికి గట్టుకొచ్చి, మధ్యాహ్నం ఇంటికెళ్లి దుప్పటి ఎత్తితే దారం తెగి ఉంది. మోటారు మాత్రం పెట్టినచోట పెట్టినట్టే ఉంది.

"ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు" అంది నికనోరా.

"నీ తమ్ముడు?"

"కాఫీ తాగి వెళ్లాడు. వాకిట్లోనే కూర్చున్నాడు. ఎందుకు?"

అలా అంటున్నప్పుడు ఆమె తన మొహం కేసి చూడలేదని సిప్రియానో నాకు చెప్పాడు. ఆమె రొట్టెలు కాలుస్తోంది కాబట్టి పెనం కేసి చూస్తుందేమో అన్నాను. "నీకు పెళ్లి కాలేదు, నీకేం తెలుసు" అన్నాడు.

ఆ మర్నాడే బయల్దేరాం. గాలి చచ్చిపోయింది. అఖాతం దాటి బయటికి పోయే చోట ఇసుకమేటల మధ్య సన్నటి దారి ఉంది. తెరచాప దించేసి మోటారు మీద వెళ్తున్నాం. పొగ కక్కుతూనే ఉంది. దారి నడిమధ్యలో దగ్గింది, ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే ఈశాన్యం నుంచి జల్లుతో గాలి కొట్టింది. తెరచాప ఎత్తేలోపే గొలొంద్రినా మేట మీదికి ఎక్కి, ఒక పక్కకి ఒరిగింది. చుక్కాని కింద కొక్కెం విరిగింది. వేటకి మేం తలా ఒకటి తెచ్చుకునే చిన్న దోనెల్లో నాది పడవ కింద నలిగి చీలిపోయింది.

జల్లు వెలిశాక లంగరుని ఇంకో దోనెలో దూరంగా తీసుకెళ్లి నీళ్లలో వేసి, దాని తాడు పట్టుకుని పడవని మేట మీంచి దింపడానికి అందరం లాగడం మొదలుపెట్టాం. సాయంత్రానికి గానీ పడవ కదల్లేదు. అప్పటికి ఐసు సగం కరిగింది. ఆ వేట పోయినట్టే. పడవ నీళ్లలో నిలబడ్డాక సిప్రియానో తడి బట్టలతోనే బెనిగ్నో ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఇప్పుడు చెప్పు. దానికేం చేశావు?"

"దేనికి?"

"మా ఇంట్లో, మంచం కింద. దారం తెంపింది నువ్వే. నూనె పోసింది నువ్వే. నా పడవ మూలపడితే నీ పడవకి పనివాళ్లు దొరుకుతారని."

బెనిగ్నో మొహంలో రంగు పోయింది. అతను మా అందరి వైపూ చూశాడు. చివరికి నా వైపు చూశాడు. నేను తాడు చుట్టుకుంటున్నట్టు తల దించుకున్నాను.

"బావా, ఇవాళ పొద్దున్నుంచి ఈ తాడు లాగి నా అరచేతులు ఊడిపోయాయి. చూడు" అని రెండు చేతులూ చాపాడు. సిప్రియానో చూడలేదు. "మీ అక్కాతమ్ముళ్లిద్దరూ ఒకటే" అన్నాడు.

బెనిగ్నో చేతులు వెనక్కి తీసుకున్నాడు. తన దోనె నీళ్లలోకి దించుకుని, ఈటె, నీళ్లలో మునగడానికి పెట్టుకునే అద్దాలు, అన్నం గిన్నె అందులో వేసుకున్నాడు. ఊరి వైపు తెడ్డు వేసుకుంటూ వెళ్లిపోయాడు. మేం తెరచాప మీద, తాళ్లతో కట్టిన చుక్కానితో, అతని వెనకాలే చేరాం.

చుక్కాని బాగయ్యేదాకా పడవ ఒడ్డునే ఉంది. సిప్రియానో అనుమానం అప్పుడు పెళ్లాం మీదికి తిరిగింది. పొద్దున్నే వల సంచీ భుజాన వేసుకుని, "సాయంత్రం దాకా రాను" అని గట్టిగా చెప్పి వీధిలోకి నడిచేవాడు. ఒకరోజు అలాగే నడిచి, వెనక పెరట్లోంచి తిరిగొచ్చి గోడ చెక్కల సందులోంచి లోపలికి చూశాడు. బెనిగ్నో వస్తాడని కాచుకున్నాడు. చేతిలో తెడ్డు కూడా ఉందని తర్వాత అతనే చెప్పాడు.

ఎవరూ రాలేదు. నికనోరా బకెట్టూ తడిగుడ్డా పట్టుకొచ్చింది. మోకాళ్ల మీద కూర్చుని దుప్పటి ఎత్తింది. మోటారు మెడ పట్టుకుని, "లే, దున్నపోతా, అటు తిరుగు" అంటూ రొప్పుతూ దాన్ని రెండో వైపుకి దొర్లించింది. తర్వాత నేల తుడుచుకుంది.

సిప్రియానో లోపలికొచ్చాడు. ఆమె కెవ్వుమంది.

"ఏం చేస్తున్నావు?"

"ఏం చేస్తున్నానా? ఇటు చూడు!" ముంజేత్తో చెమట తుడుచుకుని ఆమె నేల చూపించింది. ఆ ఎర్ర నేల ఆమెకి ప్రాణం. రోజూ మైనం పెట్టి మెరిపిస్తుంది. "నీ మోటారుకి ఈ పక్కన రబ్బరు గుబ్బలున్నాయి. అవి ఆనినచోటల్లా నల్లటి మచ్చలు. అందుకే నువ్వు వెళ్లగానే అటు తిప్పి పడుకోబెడతా. నువ్వొచ్చే వేళకి మళ్లీ ఇటు తిప్పేస్తా. లేకపోతే ముట్టుకున్నావని చంపుతావుగా!"

సిప్రియానో మంచం మీద కూలబడ్డాడు. చెతుమాల్లో మోటారు అమ్మినతను చెప్పిన జాగ్రత్త ఒక్కటే. పడుకోబెడితే గుబ్బలున్న పక్కే కింద ఉండాలి, రెండో పక్కకి తిప్పితే లోపలి నూనె యంత్రంలోకి దిగుతుంది. ఆ మాట అతను ఎవరికీ చెప్పలేదు. అది తెలిస్తే మోటారుని పాడుచేయడం తెలిసినట్టేనని దాచుకున్నాడు.

అదంతా అతని నోట విని నికనోరా తడిగుడ్డ బకెట్లో పడేసింది. తర్వాత మెల్లగా అడిగింది. "నాకు చెప్తే నేను పాడుచేస్తాననుకున్నావా?"

అతను వంగి నేల మీది నల్ల మచ్చని వేలితో రుద్దాడు.

"వాడు వారం రోజుల్నించి నా గుమ్మం తొక్కడం లేదు. నడు."

ఇద్దరూ వెళ్లారు. నన్నూ రమ్మంది. బెనిగ్నో ఎవరిదో పడవకి చెక్కలు చిత్రిక పడుతున్నాడు. అరచేతులకి గుడ్డలు చుట్టుకుని ఉన్నాడు. సిప్రియానో జరిగిందంతా వంకర లేకుండా చెప్పాడు. తప్పు నాది అన్నాడు. ఆ మాట అతని నోట నేను వినడం అదే మొదలు.

బెనిగ్నో విని, కాస్త నవ్వాడు కూడా. "నా ప్రాణం తీసింది మా అక్క మైనమా?" అన్నాడు. నికనోరా ఏడ్చింది.

"రేపు చుక్కాని వస్తుంది. ఎల్లుండి బయల్దేరదాం" అన్నాడు సిప్రియానో.

"కోపం లేదు బావా. కాఫీకి వస్తా, పండక్కి వస్తా. పడవ మాత్రం ఎక్కను. నేను ఏ పని చేస్తున్నా నువ్వు వెనక్కి తిరిగి చూస్తున్నావేమో అనిపిస్తుంది. అలా అనిపిస్తే చెయ్యి ఆడదు."

సిప్రియానో బతిమాలలేదు. తల ఊపి చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. బెనిగ్నో మళ్లీ చిత్రిక అందుకున్నాడు. నేను కూడా ఏదో చెప్పాలనుకున్నాను గానీ, అతను నా వైపు చూడలేదు.

ఆ సాయంత్రం సిప్రియానో కొయ్యగుర్రం చేసి, మోటారుని ముందుగదిలో నిలబెట్టాడు. బెనిగ్నో చేసే పనిలా నున్నగా లేదు, కాస్త ఊగింది. బయల్దేరే ముందు పడవ మీద అందరినీ కూర్చోబెట్టి, నూనె ఎక్కడుంటుందో, ప్లగ్గు ఎలా విప్పాలో, ఎటు పడుకోబెట్టాలో, ఎటు పెట్టకూడదో చూపించాడు. మాట మాటకీ ఆగి మా మొహాలు చూశాడు. అలవాటు అంత తొందరగా పోదు.

చుక్కాని నాకిచ్చాడు. ఇసుకమేటల దారిలోకి వచ్చేసరికి మోటారు ఒక్కసారి దగ్గింది. అందరం బిగుసుకుపోయి అతని కేసి చూశాం. అతను మా వైపు తిరగలేదు. మూత తీసి, లోపలికి వంగి, "నీళ్లు పడ్డాయి, అంతే. గుడ్డ ఇటివ్వు, తినో" అని నాకు చెయ్యి చాపాడు.