ఏడో హోల్ ఎవరిది?

డెబ్బై దాటిన మనిషికి ఇంకేం కోరికలుంటాయి అనుకుంటాం. అప్పలస్వామికి మాత్రం నెల రోజులుగా ఒకటే యావ. రైల్వే గోల్ఫ్ మైదానం గేటు దగ్గర కొత్తగా పలక పెడుతున్నారు. ఏ హోల్, అంటే బంతిని గుంతదాకా కొట్టుకెళ్లే పచ్చిక బాట, ఎవరు రూపొందించారో అందులో రాస్తారట. ఏడో హోల్ పక్కన తన పేరుండాలి!

నలభై ఏళ్ల కిందట ఓ ఇంజనీరు సాహెబ్ కాగితం మీద తొమ్మిది హోల్స్ గీసిచ్చి బదిలీ అయిపోయాడు. గీసినట్టే చేస్తే, మొదటి వానకే ఏడో హోల్‌లో మోకాల్లోతు నీళ్లు నిలిచాయి. అప్పలస్వామి అప్పుడు పట్టాల గ్యాంగులో ఉండేవాడు; మైదానం పనికీ ఆ గ్యాంగునే పెట్టారు. పట్టాలు వంపు తిరిగేచోట ఒక పక్క ఎత్తు చేస్తారు చూడండి, నీళ్లు జారిపోయేలా ఆ పచ్చికనూ అలాగే ఎత్తి, దారిని ఎడమకి తిప్పేశాడు. ఎవర్నీ అడగలేదు, మొండిఘటం! ఇప్పుడు ఆటగాళ్లంతా మెచ్చుకునేది ఆ హోల్‌నే. మెప్పంతా సాహెబ్‌కే పోతోంది.

పేర్లు తేల్చే పని వరంగల్ నుంచి వచ్చిన ఆఫీసరు మాధవీలతకి పడింది. ఆమె కబురు పంపగానే అప్పలస్వామి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, భార్య అప్పయమ్మను వెంటబెట్టుకుని తెలిపారా బస్తీ నుంచి ఆటోలో వచ్చాడు. అప్పయమ్మ వరండాలో కూర్చుంది.

లోపల బల్ల మీద పాత డ్రాయింగ్ పరిచి ఉంది. మాధవీలత దాని మీద పెన్ను పెట్టి అడిగింది.

"ఏడో హోల్ దీని ప్రకారం లేదండీ. ఎవరు మార్చారు?"

అప్పలస్వామి ముప్పై నాలుగేళ్ల సర్వీసులో "ఎవరు చేశారు" అని ఆఫీసులో అడిగితే, వెనకాలే ఛార్జిషీటు వచ్చేది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"నాను కాదు మేడమ్. సాహెబ్ ఆర్డరు. ఆయనెలా సెప్తే అలాగే సేసినాను."

"అచ్ఛా, అయితే ఆయన పేరే వేద్దాం," అంటూ ఆమె రాసేసుకుంది.

బయటికొచ్చి సంగతి చెప్పగానే అప్పయమ్మ నెత్తి బాదుకుంది. "ఓలమ్మో, ఎంత పని సేసినావయ్యా! వానలో మట్టి మోసి నువ్వు జొరంతో పడిపోతే, రేత్రంతా కాళ్లు ఒత్తింది నాను. ఆ సాహెబొచ్చి ఒత్తినాడేటి?"

అప్పలస్వామికి సిగ్గేసింది. అంతకు మించి కోపమొచ్చింది, తన మీద తనకే. గిర్రున వెనక్కి తిరిగి లోపలికెళ్లాడు.

"మేడమ్, ఇందాక అబద్దం సెప్పినాను. సాహెబ్ అప్పటికే ఎల్లిపోనాడు. నాకెవులూ సెప్పలేదు. నానే మార్చినాను."

చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"శిక్షేదైనా ఉంటే నాకే ఎయ్యండి. పేరు కూడా నాదే రాయండి."