ఇరవై నిమిషాల భోజనం

వాచీలు బాగుచేసే పెద్దాయనకు షుగరు పెరిగింది. డాక్టరమ్మ గట్టిగానే చీవాట్లు పెట్టింది.

"అన్నంలో ఉన్నదంతా పిండిపదార్థమే బాబాయ్ గారూ! మీరలా గబగబా మింగితే రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకుతుంది. ముందు కూర తినండి, తర్వాత కొంచెం అన్నం. మొత్తం ఇరవై నిమిషాలు పట్టాలి."

"ఇరవయ్యా! నాకు నాలుగు చాలమ్మా."

మధ్యాహ్నం దుకాణం షట్టరు దించి, వెనక గదిలో కంచం ముందు కూర్చున్నాడు. చెప్పినట్టే కూర ముందు తిన్నాడు. అన్నం ఎంత నెమ్మదిగా నమిలినా ఏడో నిమిషానికి రెండు ముద్దలే మిగిలాయి. భార్య బతికున్న రోజుల్లో అరగంట పట్టేది. సగం తిండి, సగం తగవు.

ఎదుటి స్టూలు వైపు చూసి, అప్పట్లోలాగే విసుక్కున్నాడు.

"కూరలో ఉప్పు లేదు."

ఆమె జవాబు ఆయనకు కంఠతా వచ్చు. ఆ మాటా తనే అన్నాడు.

"అయితే రేపట్నుంచి మీరే వండుకోండి."

"మూడేళ్లుగా నేనే వండుకుంటున్నాను కదే!"

గోడ మీది గడియారంలో ఇంకా పన్నెండు నిమిషాలు మిగిలే ఉన్నాయి.