మ్యూజియంలో మోకాలి నొప్పి

సత్యనారాయణపేట పంకజాక్షమ్మకు రోగాలకు కొదవ లేదు గానీ, ఏ రోగమూ ఆమెలో ఒక్క చోట నిలవదు. పెళ్ళికి వెళితే మోకాలు పట్టేస్తుంది. బ్యాంకుకు వెళితే కళ్ళు మసకబారతాయి. బట్టలకొట్లో కూర్చుంటే చెవులు వినపడవు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునేసరికి, పొద్దున వచ్చిన రోగమేదో ఆమెకే గుర్తుండదు.

పోనీ, రోగాన్ని గుట్టుగా ఉంచుకునే మనిషా అంటే అదీ కాదు. జీన్సు ప్యాంట్లకు జిప్పులూ గుండీలూ అమ్మే కొట్టును ఏళ్ళ తరబడి నడిపిన గొంతు అది. ఆమె ఈ వీధిలో దగ్గితే పక్క వీధిలోవాళ్ళు మంచినీళ్ళు తెస్తారు. ఒకసారి ఎవరింటికో పరామర్శకు వెళ్ళి, శవం ఇంకా వాకిట్లో ఉండగానే, "పోయినాయన పుణ్యాత్ముడు. ఈడ కుర్చీ యాడుండాది?" అని అడిగింది. ఏడుపులు ఆగిపోయాయి. కుర్చీ వచ్చింది. "ఒగటి సాలదప్పా, ఇంగోటి తే. కాలు సాపుకోవల్ల," అంది. రెండోదీ వచ్చింది. కాసేపటికి చూస్తే అందులో ఎవరో ముసలాయన కూర్చున్నాడు. పంకజాక్షమ్మ కాలు నేలమీదే ఉంది.

ఆమె చెల్లెలి కూతురు శ్రుతికి పెద్దమ్మంటే ప్రాణం. పెద్దమ్మతో కలిసి బయటికి వెళ్ళడమంటే మాత్రం ప్రాణసంకటం.

శ్రుతిది ఊళ్ళోని మ్యూజియంలో ఉద్యోగం. ఆ ఏడాది ఆమె రాత్రిపూట మ్యూజియం తెరిచి, మసక వెలుతురులో రాతిగొడ్డళ్ళూ కుండలూ పాత నాణేలూ చూపించే కార్యక్రమం ఒకటి తలపెట్టింది. నడవలేనివాళ్ళూ చూపులేనివాళ్ళూ కూడా అందరితోపాటు రావాలని ఆమె పట్టుదల. క్యూరేటర్ బసవరాజ్ ఒప్పుకుంటూనే మెలిక పెట్టాడు.

"ఒక రాత్రి సూద్దాం మేడమ్. వాళ్ళు రాలేదంటే మళ్ళ ఈ మాట ఎత్తబాకండి."

అందుకని శ్రుతి ముందుగానే ఒక సాయంత్రం ఊళ్ళో అందరూ ఎరిగిన ఇద్దరిని పిలిచింది. ఒకరు చంకకర్రతో నడిచే నాగక్క, పూలమ్ముతుంది. ఇంకొకరు తిప్పేశ్, బ్యాంకులో టెలిఫోన్ ఆపరేటరు, పుట్టుకతోనే చూపు లేదు. ర్యాంపు మీదుగా లోపలికి తీసుకొచ్చి, మసక దీపాలు వెలిగించి, ఏం లోటుందో మొహమాటం లేకుండా చెప్పమని బతిమాలింది.

"అంతా సక్కంగుండాది పాపా," అంది నాగక్క, గోడకు ఆనుకుని.

"పరవాగిల్ల మేడమ్, ఏం లోటు లేదు," అన్నాడు తిప్పేశ్, గొడ్డళ్ళ పెట్టెకు వీపు పెట్టి నిలబడి.

శ్రుతి పొంగిపోయింది. కొత్తగా చేయాల్సిన పనేమీ లేదని బసవరాజ్ అంతకంటే పొంగిపోయాడు. సరిగ్గా అప్పుడే గుమ్మం దగ్గర ఆ గొంతు వినిపించింది.

"మా పాప మ్యూజియం సూద్దామని వచ్చినా. బసవరాజప్పా, కుర్చీ యాడుండాది?"

"హాల్లో కుర్చీలేస్తే లుక్కు పోతాదమ్మా."

"నేను కింద పడితే లుక్కు వస్తాదా?"

రెండు కుర్చీలొచ్చాయి. ఒకదాంట్లో పంకజాక్షమ్మ కూర్చుంది. రెండోదాంట్లోకి ఎలా చేరిందో గానీ నాగక్క చేరింది. తర్వాత పంకజాక్షమ్మకు చూపు పోయింది.

"ఈ సీకట్లో నాకేం కనపడల్యా. ఆ పెట్టెలో ఏందది?"

"రాతిగొడ్డలి పెద్దమ్మా."

"గొడ్డలంటే ఎంతుంటాది? కత్తిపీటంతా, రోకలంతా?"

"అరచేతిలో పట్టేంత. ఒక పక్క పదును, ఇంకో పక్క గుండ్రం."

"నోటిమాటతో నాకు తెలీదు. సేతికియ్యి."

"ముట్టబారదు, ముట్టబారదు," అన్నాడు బసవరాజ్. గాభరా పడితే ఆయన నేరుగా కన్నడంలోకి దిగిపోతాడు.

"దాన్ని సేసినోడు ముట్టకుండానే సేసినాడా?"

బసవరాజ్ లోపలికి పరుగెత్తాడు. బడిపిల్లలకోసం చేయించిన అచ్చం అలాంటి గొడ్డలి ఒకటి లోపల్నించి తెచ్చిచ్చాడు. పంకజాక్షమ్మ దాన్ని అందుకుందో లేదో, "అబ్బ, బరువు! తిప్పేశప్పా, రోంతసేపు పట్టుకో," అని అతని చేతిలో పెట్టేసింది. తిప్పేశ్ అంచు వెంట బొటనవేలు నడిపించాడు. "ఎంత నున్నగుండాది!" అని నవ్వాడు. తిరిగి అడిగినా ఇవ్వబుద్ధి కాలేదు అతనికి.

ఆ తర్వాత నాణేలు మేడమీద ఎందుకున్నాయని తగువు. ఆ తర్వాత బాత్రూమ్. అదీ మేడమీదే. కింద ఒకటి ఉంది గానీ, అందులో పాత బ్యానర్లు కుక్కి తాళం వేశారు.

"తొందర బ్యానర్లకొచ్చిందా, నాకొచ్చిందా?" అంది పంకజాక్షమ్మ.

బ్యానర్లు బయటికొచ్చాయి. తలుపు తెరవగానే, "నాగక్కా, ముందు నువ్వు పోయిరా," అంది. తన తొందర సంగతి మళ్ళీ ఎత్తనే లేదు.

శ్రుతికి తల కొట్టేసినట్టయింది. పెద్దమ్మను పక్కకు లాగినా, గొంతు తగ్గించుకోలేక, "వాళ్ళిద్దరూ ఒక్క మాటన్నారా? అన్నీ నీకొక్కదానికే కావల్లనా?" అంది.

"అవును పాపా, నాకే కావల్ల," అంది ఆమె, నదురూ బెదురూ లేకుండా.

నాగక్కనూ తిప్పేశ్‌నూ ఆటో ఎక్కించి వచ్చి, దీపాలార్పడానికి శ్రుతి మేడెక్కింది. నాణేల గదిలో పంకజాక్షమ్మ నిలబడి, కళ్ళజోడు లేకుండా చీమల్లాంటి అక్షరాలు చదువుకుంటోంది.

"పెద్దమ్మా, మెట్లెట్ల ఎక్కినావు?"

"కాళ్ళతో."

"మరి మోకాలు?"

"నాగక్క పాయ గదా పాపా. ఇంగ మోకాలెందుకు?"

శ్రుతి అక్కడున్న స్టూలుమీద కూలబడింది.

"మరి బట్టలకొట్లో చెవుడు?"

"మా ఆడబిడ్డ పక్కనుండె."

"బ్యాంకులో కళ్ళు?"

"ఎనకాల ఒగ ముసిలాయన స్లిప్పు సదవలేక నిలబడుండె."

"వాళ్ళే అడగచ్చు గదా?"

"వాళ్ళడిగితే అందరూ పాపం అంటారే. ఆ మాట మొయ్యలేక, పరవాగిల్ల అని ఇంటికి పోతారు. మళ్ళ రారు. నేనడిగితే గయ్యాళి అంటారు. అది నాకేం బరువు?"

"నాకైనా చెప్పచ్చు గదా."

"సెప్తే నువ్వు నన్ను తిడతావా? నువ్వట్ల తిడితేనే గదా, అన్నీ నాకోసమే అడుగుతాండానని వాళ్ళు నమ్మేది."

శ్రుతి పెద్దమ్మను గట్టిగా వాటేసుకుంది. ఈ గయ్యాళి తన పెద్దమ్మ అయినందుకు ఆమెకు మహా గర్వంగా ఉంది. వాళ్ళు మళ్ళీ వస్తారా రారా అన్న దిగులు మాత్రం కొత్తగా పట్టుకుంది.

అసలు రోజు రానే వచ్చింది. నాణేలు కిందికి దిగాయి, గొడ్డళ్ళ నకళ్ళు బల్లకెక్కాయి, హాలు పొడుగునా కుర్చీలు పడ్డాయి. బసవరాజ్ గేటు దగ్గర నిలబడి వచ్చేవాళ్ళను చూస్తున్నాడు. తిప్పేశ్ తనలాంటి స్నేహితులను వెంటబెట్టుకొచ్చి, తనే చేయించినంత ధీమాగా వాళ్ళ చేతుల్లో గొడ్డళ్ళు పెడుతున్నాడు. నాగక్క జాడ లేదు. శ్రుతి కళ్ళు గేటుమీదే ఉన్నాయి. చివరికి ఒక ఆటో ఆగింది. నాగక్క దిగింది, పట్టుచీర కట్టుకుని.

ఆమె వెనకే వచ్చిన పంకజాక్షమ్మ హాలంతా ఒకసారి కలయజూసి, అలవాటు ప్రకారం నోరు తెరిచింది. ఈలోగా లోపల్నించి ఇంకో గొంతు ఖంగున మోగింది.

"సార్, ఈ కుర్చీకి సేతుల్లేవు. యాడ పట్టుకుని లేసేది? సేతులుండేది తెప్పీండి."

అడిగింది నాగక్క. హాల్లోవాళ్ళంతా అటు తిరిగారు. పాపం అన్నవాళ్ళు లేరు. బసవరాజ్ మాత్రం గబగబా తన గదిలోకి పోయి సొంత కుర్చీ మోసుకొచ్చాడు. నాగక్క అందులో కూర్చుని, చేతులు రెండూ ఆనించి చూసి, బాగుందన్నట్టు తలాడించింది.

తెరిచిన నోరు పంకజాక్షమ్మ మాట్లాడకుండా మూయడం సత్యనారాయణపేటలో ఎవరూ ఎరగరు. శ్రుతి ఆమె చెవి దగ్గరికి వంగి, "ఏం పెద్దమ్మా, ఈపొద్దు నీకేం నొప్పి?" అంది.

"ఈపొద్దు యాపారం నాగక్క సూసుకుంటాంది లే. నేను నిదానంగా నాణేలు సూస్తా," అని పంకజాక్షమ్మ కొంగు దోపుకుని, కన్నెపిల్లలా చకచకా జనంలోకి నడిచిపోయింది.