పొయ్యి ఎక్కని జీడిపప్పు ఉండలు

ఆ వేసవి సెలవుల్లో మా ఆరేళ్ల పాప తనే ఏదైనా వండుతానని రోజూ పేచీ పెట్టేది. పొయ్యి దగ్గరికి రానివ్వాలంటే నాకు భయం. అందుకని పొయ్యితో పనిలేని ఉండలు చేద్దామని ఒప్పించాను. అటుకులు, కొబ్బరికోరు, గింజ తీసిన ఖర్జూరం, జీడిపప్పు. మా పలాసలో జీడిపప్పుకేం లోటు. మా అత్త ముప్పై ఏళ్లుగా ఫ్యాక్టరీలో పప్పు మీద పొట్టు తీసే పనికి వెళుతోంది.

అటుకులు, పప్పు మిక్సీలో పొడి చేసి ఇచ్చాను. పాప ఖర్జూరం పిసికి, కొబ్బరి కలిపి, వంకరటింకరగా ఉండలు చుట్టింది. మొదటిది సగం చిదిపి, గిన్నెలు బోర్లించి ఆడుకుంటున్న తమ్ముడి నోట్లో పెట్టింది. వాడికి ఏడాదిన్నర. గొంతుకడ్డం పడుతుందని అంతకుముందెప్పుడూ నేను వాడికి జీడిపప్పు పెట్టలేదు.

వాడు నవ్వుతూ మింగాడు. నేను మళ్లీ మిక్సీ వైపు తిరిగాను.

"అమ్మా, తమ్ముడి మూతి సూడు" అంది పాప.

పై పెదవి వాచి ముక్కు దాకా లేచింది. నేను చూస్తుండగానే కళ్లు పూడుకుపోయాయి. మెడ నిండా ఎర్రటి దద్దుర్లు. తిన్నదంతా కక్కి, ఏడుపు అందుకున్నాడు. అంతలోనే ఏడుపు ఆగిపోయి, ఊపిరి కీచుమంటూ రావడం మొదలైంది. నోట్లో వేలు పెట్టి చూశాను. ఏమీ అడ్డం లేదు. ఇంకేం చెయ్యాలో తోచక అలాగే కూర్చుండిపోయాను.

పాప వెళ్లి పక్కింటి పిన్నిని తీసుకొచ్చింది. "అలా సూత్తావేటే, గుంటడ్ని ఎత్తుకో" అని ఆవిడ కసిరితే గాని లేవలేకపోయాను. ఆవిడే వీధిలోకి పరుగెత్తి ఆటో ఆపింది.

ఆసుపత్రిలో వాడి తొడకి ఇంజక్షన్ చేశారు. కాసేపటికి ఊపిరి నెమ్మదించింది. ఏం తిన్నాడని డాక్టరు అడిగితే ఒక్కొక్కటే చెప్పాను. జీడిపప్పు అనగానే ఆపాడు. "అదే అయ్యుంటుందమ్మా. ఇంక వాసన కూడా చూపించకండి" అన్నాడు.

అత్త పనిలోంచి నేరుగా అక్కడికే వచ్చింది. "మా గుంటడికి పప్పు పడకపోడమేటి బాబూ? ఆ పప్పు ఒలిసే కదా ఈల్ల నాన్నని పెంచినాను" అంది. డాక్టరు ఓపిగ్గా మళ్లీ చెప్పాడు. చేతికంటిన పొడి కూడా వాడికి పడకపోవచ్చన్నాడు. మనవడి వైపు చాచిన చేతులు అత్త వెనక్కి తీసుకుంది. సాయంత్రం దాకా అక్కడే నిలబడింది గాని వాణ్ణి ముట్టుకోలేదు.

ఇంట్లో జీడిపప్పు డబ్బా తీసేశాం. ఇప్పుడు అత్త పని నుంచి వచ్చి, పెరట్లో స్నానం చేసి, చీర మార్చుకున్నాకే వాణ్ణి ఎత్తుకుంటుంది. అంతవరకూ వాడు తలుపు పట్టుకుని ఏడుస్తాడు.

పాప మాత్రం వంటింటి ఛాయలకే రావడం మానేసింది. అడిగితే, "నానెట్టడం వల్లే కదమ్మా" అంది. పప్పు వేసింది నేనని ఎన్నిసార్లు చెప్పినా తల అడ్డంగా ఊపేది.

డాక్టరును అడిగి, పది రోజుల తర్వాత పుట్నాలపప్పు, బెల్లం, అటుకులతో మళ్లీ కలిపాను. పాప నెమ్మదిగా వచ్చి పక్కన కూర్చుంది. నాలుగు ఉండలు చుట్టింది. చిన్నది ఏరి నా చేతిలో పెట్టింది.

"నువ్వెట్టమ్మా."

పెట్టాను. వాడు తిని ఇంకోటి కావాలని చెయ్యి చాపాడు. ఇద్దరం చాలాసేపు వాడి పెదవినే చూస్తూ కూర్చున్నాం.