పదిహేను బుట్టల బీడీలు

మేము చదువుకునే కాలంలో, మరాఠీ ఊళ్లోని మా భవాని పేట్ పిల్లలకు ఇంటికొక భాష, బడికొక భాష. బడి మరాఠీది, క్లాసులో ముప్పాతిక మంది మగ్గాల ఇళ్ల తెలుగువాళ్లం. నేను ఐదో తరగతిలో ఉండగా పుణే నుంచి బదిలీపై వచ్చిన ఉద్యోగి కూతురు మా బెంచీలో చేరింది. రెండు రోజుల్లో నా ప్రాణస్నేహితురాలైపోయింది (ఆమె డబ్బాలో రోజూ తియ్యటి శ్రీఖండ్ ఉండేదన్న సంగతి నేను దాచను). నెల తిరక్కుండానే వాళ్ల అమ్మ, ఆ పిల్ల పిలుపులో ఆయీ, బడికొచ్చి, "ఈ తెలుగు పిల్లల మధ్య మా అమ్మాయి చదువు పాడవుతోంది, బడి మార్చేస్తాను" అని కూర్చుంది. టీచరు బాయి బతిమాలి, నెలాఖరు పరీక్షదాకా ఆగమంది. మార్కులు తగ్గితే పుణే పిల్ల వెళ్లిపోతుంది. నాకు ఏడుపొచ్చింది.

వెంటనే మా బెంచీ ఐదుగురి చేతా ఒట్టు వేయించాను. పరీక్షదాకా ఎవరూ తెలుగు మాట్లాడకూడదు, ఇంట్లో కూడా! (ఇంట్లో ఎందుకని ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు.) ఆ సాయంత్రం నానమ్మను మరాఠీలో మంచినీళ్లు అడిగాను. బీడీలకు తునికాకు కత్తిరిస్తున్న నానమ్మ కత్తెర ఆపి, "ఓ కోడలా! పోరికి గాలి సోకినట్టున్నది, జెర దిష్టి తియ్యి!" అని కేకేసింది. అమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకు వచ్చిన తుమ్మును కూడా మరాఠీలోనే తుమ్మాలని శతవిధాల ప్రయత్నించాను.

తీరా చూస్తే, నేను ముందు గుమ్మంలోంచి తరిమిన తెలుగు దొడ్డిదారిన దూరింది. పుణే పిల్ల రోజూ మా ఇంటికొచ్చి నానమ్మ పక్కన చేరేది. ఇరవై అయిదో ఎక్కం ఆమెకు రాదు, మాకూ రాదు. నానమ్మ బడి ముఖమే చూడలేదు గానీ, చుట్టిన బీడీలను కట్టలు కట్టి పెడుతూ, "కట్టకు ఇరవై అయిదు. నాలుగు కట్టలు నూరు. ఎనిమిది ఎన్ని, చెప్పు బిడ్డా?" అనేది. బెంచీ బెంచీ అంతా ఆమె చుట్టూ మూగి, ఒట్టు గాలికొదిలి, తెలుగులో కోరస్‌గా అరిచేవాళ్లం.

పరీక్షలో, బుట్టకు ఇరవై అయిదు మామిడిపళ్ల చొప్పున పదిహేను బుట్టల్లో ఎన్ని అని అడిగారు. మా బెంచీ ఐదుగురమూ తడుముకోకుండా రాశాం: మూడు వందల డెబ్భై అయిదు బీడీలు.

మర్నాడు సాయంత్రం ఆయీ ఆ పేపరు పట్టుకుని, వెక్కుతున్న కూతుర్ని లాక్కుని మా ఇంటికే వచ్చేసింది. "ఇదేనా మీ ఇంట్లో నేర్పేది?" అని మరాఠీలో నిలదీసింది. నానమ్మ ఆమెకు పీట వేసి, తనకొచ్చిన సగం మరాఠీలో పుణే పిల్లను అడిగింది: "పదిహేడు కట్టలు?" ఏడుస్తూనే ఆ పిల్ల తెలుగులో ఠక్కున చెప్పింది, "నాలుగు వందల ఇరవై అయిదు!" నేను మరాఠీలో చెబితే ఆయీ వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టి, రెండు చేతులూ అయిపోయాక ఆగిపోయింది. అప్పుడు నానమ్మ అందుకుంది. "నీ బిడ్డ మంచిగున్నది తల్లీ. నా బాధ ఎవరికి చెప్పాలె? నీ బిడ్డతోని తిరిగి మా పోరి తెలుగు మరిచిపోయింది, నీళ్లు సుత మరాఠీల అడుగుతున్నది!" ఇదీ నేనే అనువదించాల్సి వచ్చింది. ఆయీ నన్ను చూసింది, నానమ్మను చూసింది, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. పుణే పిల్ల మా బెంచీలోనే ఉండిపోయింది. నేనైతే ఆ రాత్రి ఆనందం పట్టలేక అన్నం కూడా తినలేదు.

ఇన్నేళ్ల తర్వాత, మొన్న, ఇప్పుడు మేముంటున్న కుంభారిలో మా పాప బడికి వెళ్లాను. తువ్వాళ్ల మిల్లులో పనికని బీహార్ నుంచి వచ్చినవాళ్ల పిల్లను మా పాప పక్కన కూర్చోబెట్టారట. ఆ పిల్లకు మరాఠీ రాదు, తెలుగు అసలే రాదు. "బాయీ, మా పాప చదువు..." అంటూ బెంచీ మార్చమని అడగబోయి, నా గొంతు నాకే వినబడి నోరు మూసుకున్నాను. టీచరు చూస్తోంది. కిటికీలోంచి చూస్తే ఆ ఇద్దరూ ఒకే పుస్తకం మీద తలలు ఆనించి దేనికో పడీపడీ నవ్వుతున్నారు. "ఏమీ లేదు బాయీ," అన్నాను, "ఆదివారం ఆ పాపను మా ఇంటికి పంపమని వాళ్లమ్మకు చెబుతారా?"