పెళ్లి ఏడుపు

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. క్షమించమని అడగడానికి రాయడం లేదు, ముందే చెబుతున్నాను. మోసీ మోసీ విసుగొచ్చింది, అంతే.

నేను నాటకాలకు వీడియో చేస్తాను. నటుల వెనక తెర మీద కదిలే బొమ్మలు నావి. భూపాలపల్లి బొగ్గుబాయి క్వార్టర్లలో పుట్టినవాణ్ణి, ఇవాళ విదేశాల్లో ఒపెరాలకు కూడా పనిచేస్తున్నాను. ఒకప్పుడు నా మాట తీరుకు నవ్వినవాళ్లే ఇప్పుడు పేరు పక్కన ‘గారు’ తగిలిస్తున్నారు. ఆ ‘గారు’ ఎవరి పుణ్యమో చెప్పాలి.

మొదట్లో పెళ్లి వీడియోలు తీసేవాణ్ణి. మహబూబాబాద్ దగ్గరి తండాలో, నేను అక్కా అని పిలిచే భూలి కూతురి పెళ్లి నేనే తీశాను. లంబాడీల్లో పెళ్లికూతురు అత్తారింటికి పోయే ముందు తల్లిని పట్టుకుని ఏడుస్తూ పాడుతుంది. ఢావ్లో అంటారు. ఆ పిల్ల పాడుతున్నంతసేపూ కెమెరా ఆమె ముఖం మీంచి తిప్పలేదు.

మరుసటి ఏడాది జనగామలో గని ప్రమాదం మీద ఒక నాటకానికి తెర పని నాకొచ్చింది. బాయి కప్పు కూలి మొగుడు చచ్చిపోతాడు, పెళ్లాం ఏడవాలి. నటి ఏడుపు నాకు ఆనలేదు. ఢావ్లో గుర్తొచ్చింది. ఆ పెళ్లి వీడియోలో నగలు కనబడకుండా పిల్ల ముఖం ఒక్కటే ఉంచాను, రంగు తీసేశాను, వేగం తగ్గించాను. పెళ్లికూతురు కాస్తా విధవరాలైంది. ఎంత బాగా కుదిరిందో! నోరు ఊరుకోక భూలి అక్కకు ఫోన్ చేసి గొప్పలు పోయాను కూడా.

ఆమె అంది:

“అది నా బిడ్డ పెండ్లిల ఏడ్చిన ఏడుపు తమ్మీ. దాన్ని పీనుగ మీద పెడ్తవా? అల్లుడు సల్లగుండాలె. జర తీసెయ్.”

“తీసేసిన అక్కా, ఇగో ఇప్పుడే.”

తీయలేదు.

ఎందుకు? భయమా, ఆశా? రెండూ కాదు, పొగరు. హాలంతా కంటతడి పెట్టింది. అది పెళ్లి పాటని పట్టుకున్నవాడు ఒక్కడూ లేడు. ఆ ముఖాన్ని చూసే నన్ను ఊరూరా పిలిచారు. ఆమె మాట విని ఉంటే ఇవాళ్టికీ తలంబ్రాలు తీస్తూ ఉండేవాణ్ణి. సాకు అంటారా? అనండి. ఆ రోజు మళ్లీ వస్తే మళ్లీ అదే చేస్తాను.

శకునాలు నేను నమ్మను. మా నాయిన పిల్లి ఎదురొచ్చిన రోజు కూడా బాయిలోకి దిగి బతికొచ్చాడు. మరి నెలకోసారి భూలి అక్కకు ఫోన్ చేసి అల్లుడెట్లున్నాడని ఎందుకు అడుగుతున్నాను? అతను ఆటో నడుపుతాడు, గుండ్రాయిలా ఉన్నాడు. సొంత తమ్ముడు కూడా ఇంతగా అడగడని ఆమె తండాలో అందరికీ చెబుతుందట. అది వింటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

పోయిన వారం అడిగింది:

“బిడ్డనడగవు, మనుమణ్ణడగవు. గా అల్లుణ్ణే ఎందుకడుగుతవ్ తమ్మీ?”

సిగ్నల్ లేదని పెట్టేశాను. అదీ అబద్ధమే.

ఆ వీడియో ఇంకా ఆడుతూనే ఉంది. ఆపను. కానీ తీయలేదన్న మాట ఇవాళే మొదటిసారి బయటికి అన్నాను, మీతో. కాస్త ఊపిరాడుతోంది. ఆమెతో మాత్రం ఇంకా అనలేదు.