దేవసహాయం బండ

జారిన పాదాలను మళ్లీ నిలబెట్టే ప్రభువుకు స్తోత్రం.

డెబ్బై ఒకటిలో వాక్యం చెప్పడానికి గుంటూరు నుంచి ఖాజాగూడ వెళ్లాను. దారి చూపుతున్న గొర్రెల కాపరి మల్లయ్య, వానకు తడిసిన ఒక రాతిని చూపించి, “ఇది సాయన్న బండ” అన్నాడు.

“ఆయన ఏం గొప్ప పని చేశారండీ?”

“గీడనే జారి పడ్డడు. మళ్ల ఇంకెవరన్న పడేదాంక ఆయన పేరే.”

నవ్వుతూ అడుగేశాను. జారి కూలబడ్డాను. పంచె చిరిగింది.

మల్లయ్య నన్ను లేపి, “మీ పేరేంది అయ్యగారూ?” అని అడిగాడు.

వేరే పేరు చెబుదామనుకున్నాను. కానీ సాయంత్రం నేను చెప్పబోయే వాక్యమే ‘అబద్ధమాడకూడదు’ అని.

“దేవసహాయం.”

“పెద్ద పేరే. బండకు సరిపోతది.”

ప్రియులారా, అక్కడ ఇంకెవరూ జారకూడదని నాతో కలిసి ప్రార్థించండి. నా పేరు ఆ బండకే ఉండిపోయినా సరే.